లోహమున శిలారూపము: పటాన్‌చెరు నేలను పురస్కరించుకొని ఒక విచారణ

మన శిల్పచరిత్రకారులు లోహశిల్పమును గూర్చి వ్రాయునపుడు సాధారణముగా రెండు ఘట్టములను మాత్రమే గుర్తింతురు. మొదటిది దేవతామూర్తుల ఘట్టము. గుంటూరు మండలమున బుద్ధాములో దొరకిన కంచు బుద్ధప్రతిమలు మొదలుకొని తిరుమలలో చేతులు జోడించి నిలిచియున్న కృష్ణదేవరాయల లోహప్రతిమ వఱకు ఇది వ్యాపించినది. రెండవది ఇరువదవ శతాబ్ది నడుమ ఐరోపా నుండి మనకు దిగుమతి అయినదని చెప్పబడు నైరూప్యశిల్ప ఘట్టము. ఈ రెంటికి నడుమ లోహము పాత్రలకు, ఆయుధములకు, ఆభరణములకు ఉపయోగపడినదే గాని, మనిషిని గాని దేవతను గాని పోలని రూపమును లోహమున చూచి ఆనందించు దృష్టి మనవారికి ఉండెనా అని అడిగినవారు అరుదు. ఆ ప్రశ్ననే ఇచట అడుగదలచితిని. ప్రశ్నకు తావు పటాన్‌చెరు. సమాధానము వెదకుటకు మాత్రము ఆ ఊరి పొలిమేర దాటి ఉత్తరమునకు కోనసముద్రమునకు, పడమటికి బీదరునకు, కడపట దక్షిణమున చిత్తూరు మండలములోని నందనూరునకు పోవలసివచ్చినది.

ముందు ఒక మాటను గూర్చి చెప్పవలెను. 'నైరూప్యము' అను పారిభాషికము కొంత పొరపాటునకు తావిచ్చుచున్నది. నైరూప్యశిల్పమునకు రూపము లేకపోలేదు, పోలిక లేదు. గుండ్రనిరాయికి రూపమున్నది, అది దేనిని పోలియున్నదని అడుగము. ఎవరైన 'ఇది తాబేలువలె ఉన్నది' అన్నచో అది చూపరి మనస్సు చేసిన పని. కావున ప్రకృతిసిద్ధమైన శిలారూపములనుండి ప్రేరణ పొందిన నైరూప్యశిల్పమనగా, తనకు తానుగా ఏ పోలికయు లేని వస్తువునుండి మఱొక పోలిక లేని వస్తువును పుట్టించుట. ఇది వినుటకు సులభముగ తోచును. ఆలోచించినకొలది చిక్కు పెరుగును. పోలిక లేనిచోట ప్రేరణను ఏ ఆధారముచేత గుర్తింతుము?

పటాన్‌చెరు హైదరాబాదునకు వాయవ్యమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ముంబయి పోవు జాతీయరహదారిపై ఉన్నది. కల్యాణి చాళుక్యరాజగు రెండవ జయసింహుని (1015–1043) రాజధానులలో నొకటియైన పొట్టలకెరె ఇదియేనని చారిత్రకులు గుర్తించిరి. 'కెరె' అను కన్నడపదమును 'చెరువు' అను తెలుగుపదము తొలగించి తాను నిలిచినది, రెంటి అర్థమొక్కటే. ఇచట వెలసిన జైనక్షేత్రమునకు చెందిన నల్లరాతి తీర్థంకర ప్రతిమలు నేడు హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి. మెఱుగు పెట్టిన ఆ నల్లరాతిని చూచినవారికి అది శిలయా లోహమా అను సందేహము ఒక్కక్షణము కలుగక మానదు. ఇది కవిసమయము కాదు. పోతపోసిన కంచునకుండు నునుపును శిల్పులు రాతియందు సాధింపగోరిరని చెప్పుటకు ఆ ప్రతిమల భుజములు, మోకాళ్లు సాక్ష్యములు.

1960ల దశకమున సమీపములోని రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనసంస్థ ఇచట నెలకొన్నది. 1970ల దశకము నుండి పారిశ్రామికవాడ విస్తరించినది. ఇక్రిశాట్ క్షేత్రము ఈ ప్రాంతమున నెలకొనుటకు గల కారణములలో మన విషయమునకు సంబంధించినది ఒకటి కలదు: ఎఱ్ఱనేల, నల్లనేల అను రెండును ఒకే ఆవరణమున ఇచట దొరకును. మృత్తికాశాస్త్రజ్ఞులు ఇచ్చటి ఎఱ్ఱనేలకు 'పటాన్‌చెరు శ్రేణి' అనియు, నల్లనేలకు 'కాసిరెడ్డిపల్లి శ్రేణి' అనియు పేర్లు పెట్టిరి. ఒక గ్రామనామము శాస్త్రపరిభాషలో నేలకు పేరగుట మన ప్రాంతమున తఱచు జరుగునది కాదు. ఎఱ్ఱనేల క్రింద సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటుశిల ఉన్నది. పడమటగా జహీరాబాదు వైపు పోయినచో సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతద్రవము గడ్డకట్టి ఏర్పడిన దక్కను నల్లరాతిపొరలు ఎదురగును; వానిపై తలకట్టువలె ఎఱ్ఱని జేగురురాయి పఱచుకొన్నది. ఆ జేగురుతలము మీదనే బీదరుకోట నిలిచినది.

ఈ గ్రానైటుగుండ్ల రూపమెట్లు ఏర్పడినదో తెలియనిదే ముందునకు పోరాదు. భూమి లోతులలో చల్లారి గట్టిపడిన శిల, పైబరువు తొలగినకొలది బీటలు వాఱినది. బీటలు చాలవఱకు ఒకదానికొకటి అడ్డముగ, నిలువుగ ఉండుటచే శిల దిమ్మెలు దిమ్మెలుగ విడినది. ఆ బీటలలో దిగిన నీరు శిలలోని కొన్ని ఖనిజములను బంకమన్నుగ మార్చును. దిమ్మె ముఖముపై నీరు ఒకవైపు నుండియే పనిచేయును. అంచుపై రెండువైపుల నుండి, మూలపై మూడువైపుల నుండి పనిచేయును. కావున మూలలు ముందు అరిగి, దిమ్మె గుండగును. ఇదంతయు నేలలోపలనే జరుగును. పిదప వానలు పైమన్నును కొట్టుకొనిపోగా లోపల సిద్ధమై యున్న గుండ్లు ఒకదానిపై నొకటి దొంతరగా బయటపడును. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున పుట్టగొడుగు రాయిగా పేరొందిన శిలయు ఇట్టి శైథిల్యము తీర్చిన రూపమే. దీనిని ఎవరో రాక్షసులు ఎత్తి పెట్టిరని చెప్పుకొను జనశ్రుతికి, శాస్త్రము చెప్పు మాటకు ఒక ముఖ్యభేదమున్నది. జనశ్రుతిలో రూపము వెలుపలనుండి పెట్టబడినది. శాస్త్రములో రూపము లోపల నుండి వెలికివచ్చినది.

మన భాష ఈ రూపములను చక్కగ వేఱుపఱచినది. గుండు వేఱు, బండ వేఱు, పరుపుబండ వేఱు, గుట్ట వేఱు. ఓరుగల్లునకు ఏకశిలానగరమను పేరు ఒంటిరాతిని బట్టి వచ్చినది. రాయి కొట్టి జీవించు వడ్డెరవారు బండపై మంట పెట్టి, వేడికి పొర లేచిన తరువాత దానిని విడదీయు పద్ధతిని తరతరములుగా ఎఱిగియుండిరి. ఏ పొర ఎక్కడ లేచునో బండను తట్టి, చప్పుడును బట్టి తెలిసికొందురు. వారి పని రూపమును విధించుట కాదు, శిలలో ముందే ఉన్న విభజనను అనుసరించుట. ఈ భేదమే, అనగా విధించిన రూపమునకు, వెలికివచ్చిన రూపమునకు గల భేదమే, మన చర్చకు కీలకము.

ఆధునికశిల్పులలో శిలనుండి ప్రేరణ పొందినవారిని చూచినను ఈ రెండు మార్గములే కనబడుచున్నవి. ఇంగ్లండు శిల్పి హెన్రీ మూర్ నదీతీరములందు, పొలములందు చెకుముకిరాళ్లను, ఎముకలను ఏరి తెచ్చి, వాని వంపులను తన కంచుశిల్పములకు ఆదర్శములుగ గ్రహించెను. చైనాశిల్పి జాన్ వాంగ్ 1995 నుండి చేయుచున్న 'కృత్రిమశిలలు' మఱొక విధమైనవి: చైనా పండితులు ప్రాచీనకాలము నుండి తోటలలో నిలిపి పూజించు వికృతశిలలపై తుప్పుపట్టని ఉక్కురేకును పఱచి, సుత్తితో కొట్టి ఆ శిల చర్మమును యథాతథముగ రేకుపైకి ఎక్కించి, పిదప అద్దమువలె మెఱుగు పెట్టెను. ఇరువురును గొప్పవారే. ఐనను ఇరువురియందును శిలారూపము లోహమునకు అరువు వచ్చినదే; లోహము తన స్వభావముచే ఆ రూపమును పొందలేదు. రాతి పోలిక వచ్చినదే గాని రాతి పుట్టుక రాలేదు. రెండవమార్గమున, అనగా లోహము తానుగా శిలవలె పుట్టి, శిలవలె తన పొరలను చూపు మార్గమున, మన ప్రాంతమునకు చెప్పుకొనదగిన చరిత్ర ఉన్నది.

అందు మొదటిది ఉక్కు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఉక్కు తయారగు విధమును లాంబ్టను నడపిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు ఐన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతమున స్వయముగ చూచి వ్రాసెను. ఆయన మరణానంతరము 1832లో ఆ వ్రాత బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. పారశీకదేశపు వర్తకులు ఆ కుగ్రామమునకు వచ్చి, మూసలు దించువఱకు కాచుకొని, ఉక్కుబిళ్లలను తూచి కొనిపోవుచుండిరి. అతడు చూచునాటికి ఆ వృత్తి క్షీణదశలో లేకున్నను, మఱి నూఱేండ్లకు దాని పేరు ఆ ఊరివారికే మఱుగుపడినది.

ఉక్కు అను మాటయే ఒక చరిత్ర. ద్రావిడభాషల తులనాత్మకపదకోశమును బట్టి ఇది కరగుట అను అర్థము గల ధాతువునకు చెందినది. తమిళమున 'ఉరుక్కు', కన్నడమున 'ఉర్కు, ఉక్కు'. పూర్వపు కొలుములలో సామాన్యమైన ఇనుము ఎన్నడును పూర్తిగ కరగెడిది కాదు. ముద్దగ మెత్తబడగా సుత్తితో కొట్టి చిట్టెమును వెడలగొట్టెడివారు. మూసలో మూతవేసి, బొగ్గుపదార్థముతో కూర్చి, దీర్ఘకాలము కాల్చి నిజముగ కరగించినది మాత్రమే ఉక్కు. లోహశాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో తేల్చిన భేదమును నిరక్షరుడైన కమ్మరి మాటలోనే నిలిపెను. ఈ మాటయే 1795లో లండను రాయల్ సొసైటీ యెదుట జార్జి పియర్సను చదివిన పత్రమున 'వూట్జ్' అయినది. లిపిదోషము వలన అట్లయ్యెనని పలువురి అభిప్రాయము. మైకేల్ ఫారడే సైతము విద్యుచ్ఛాస్త్రమునకు పేరు పొందకముందు, 1819 మొదలు కొంతకాలము ఈ ఉక్కును పరీక్షించుటలో గడపెను.

మూసలో కరగిన ఉక్కు కొలిమితోపాటు అతినిదానముగ చల్లారును. అట్లు చల్లారునపుడు దాని గర్భమున చెట్టుకొమ్మలవంటి స్ఫటికములు పెరుగును. కొమ్మల నడుమ కొన్ని మూలకములు పేరుకొనును. తక్కువవేడిమిపై మరల మరల కాచి కొట్టినకొలది బొగ్గు కలిసిన గట్టికణములు ఆ పేరుకొన్నచోట్లనే వరుసలు కట్టును. కత్తి తయారైన పిదప ఆమ్లగుణము గల ద్రావణమును పూసినచో మెత్తనిభాగము నల్లబడి, గట్టికణముల వరుసలు తెల్లగ మెఱయును. నీటి అలలవలె, కొయ్య ఈనెలవలె, గ్రానైటుబండపై కనబడు చారలవలె ఆ రేఖలు పఱచుకొనును. పారశీకులు దీనిని 'జౌహరు' అనిరి. రత్నమునకును, వస్తువు యొక్క అంతస్సారమునకును వారి భాషలో అదే మాట. కొనువాడు కత్తియొక్క రేఖలను చూచి ధర చెప్పెడివాడు. ఆ రేఖలు దేనికి పోలిక అని ఎవడును అడుగలేదు. పోలికలేని రూపమును లోహమున చూచి ఆనందించు రసికత ఇదికాక మఱేమి?

1990ల దశకమున అమెరికాలో జాన్ వెర్హోవెన్ అను లోహశాస్త్రజ్ఞుడును, ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరియు కలసి ఈ రేఖలను తిరిగి సాధించి, వెనేడియము వంటి మూలకములు అత్యల్పపరిమాణమున ఉన్నగాని ఇవి చక్కగ ఏర్పడవని చూపిరి. ఆ మూలకములు కమ్మరి చేర్చినవి కావు, ముడిఖనిజములో ఉన్నవి. ఒకచోటి ఖనిజము తీరిపోయి మఱొకచోటి ఖనిజము వచ్చినంతనే పాతపద్ధతిని తూచ తప్పక అనుసరించినను రేఖలు రాకపోయి యుండవచ్చునని వారి ఊహ. ఈ ఊహ నిజమైనచో కత్తిపై కనబడిన రేఖ కమ్మరి సంతకము కానేకాదు, నేల సంతకము. ఒక భూఖండము యొక్క రహస్యమైన కూర్పు లోహమునందు రూపమై కనబడినది. వృత్తి నశించుటకు విదేశపు చవుక ఉక్కు ఒక్కటే కారణమని మనము పాఠములలో చెప్పుచుందుము. ఈ రెండవకారణమును కూడ విద్యార్థులకు చెప్పవలసియున్నది.

ఇట్టి రేఖలే ఆకాశమునుండి పడిన ఇనుమునందును కలవు. 1808లో వియన్నాలో విడ్మన్‌స్టాటన్ అనునతడు ఉల్కాలోహపు పలకను కాల్చి చూడగా దానిపై ఒకదానినొకటి ఖండించు పట్టీలు కనబడినవి. లక్షల సంవత్సరముల పాటు నిదానముగ చల్లారిన లోహమున మాత్రమే అట్టి పెద్దస్ఫటికములు ఏర్పడును. మన విషయమునకు ముఖ్యమైనది దాని తరువాత జరిగినది. అతడును, అతని మిత్రుడు ష్రైబర్సును ఆ పలకను ఆమ్లముతో కొఱికించి, సిరా పూసి, కాగితముపై అచ్చొత్తిరి. చేయితిరిగిన చిత్రకారుని ఆశ్రయింపక లోహము తన రూపమును తానే కాగితమునకు ఎక్కించినది. ఈ అచ్చును జ్ఞాపకముంచుకొనవలెను. నందనూరు వానిని గూర్చి చెప్పునపుడు మరల దీని అవసరము కలుగును.

పటాన్‌చెరు నుండి అదే రహదారిపై పడమటికి పోయి, జహీరాబాదు దాటి కుడివైపునకు మరలినచో బీదరు చేరుదుము. దూరము నూఱు కిలోమీటర్లకు పైబడినది. 1956లో రాష్ట్రముల పునర్విభజనము వఱకు బీదరు, మెదకు ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. నేటికిని బీదరు సంతలో కన్నడము, మరాఠీ, ఉర్దూలతోపాటు తెలుగును వినబడును. బిద్రీపని బహమనీల కాలమున మొదలైనదని సంప్రదాయము. దాని మూలలోహము యశదము. మన పాతవర్తకులు దీనిని తుత్తునాగమనిరి, ఆ మాటయే పోర్చుగీసువారి నోట 'టూటనాగ' అయి ఐరోపా దాక పోయినది. పదునాఱుపాళ్ల యశదమునకు ఒకపాలు రాగి కలుపుట సామాన్యము. ఆముదము, గుగ్గిలము కలిపిన మట్టి అచ్చులో పోతపోసి, చదునుచేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగ నల్లబఱచి, ఆ నలుపుపై ఉలితో గీతలు చెక్కి, గీతలలో వెండితీగను గాని రేకును గాని కొట్టి బిగింతురు. ఇంతవఱకు ఇది కంసాలిపనికి సమీపమైనదే.

కడపటిపని విచిత్రమైనది. బీదరుకోటలో ఎండకు వానకు గుఱికాని పాతగోడల నడుమనుండి తెచ్చిన మట్టిని, నవాసాగరమును నీటిలో కలిపి, కొంచెము వేడిచేసిన వస్తువుపై రుద్దుదురు. క్షణములలో యశదమంతయు కాటుకనలుపగును. వెండి మాత్రము వెండిగనే నిలుచును. ఏ మట్టియైనను పనికిరాదు. పనివారు మట్టిని నాలుకపై వేసికొని రుచినిబట్టి ఎన్నుకొందురు. మట్టిలోని సురేకారము వంటి లవణములు ఇందుకు హేతువని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. హైదరాబాదులో సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోని బిద్రీవస్తువులను చూచువారు వెండిలతలను చూచి మెచ్చుకొందురు. నామట్టుకు వెండిలతలు ప్రధానముగ తోచవు. ఆ లతలను మొఘలు కిటికీలందును, జలతారు వస్త్రములందును చూడవచ్చును. లోకమున మఱెచ్చటను లేనిది ఆ నలుపు. అది రంగు కాదు, పూత కాదు; ఒక జేగురుకొండపై కోట కట్టి, ఆ కోటగోడలలో మట్టి శతాబ్దుల తరబడి ఊరిన ఫలితము. జేగురురాతికి 1807లో శాస్త్రీయనామము పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానను; ఇటుకయను అర్థము గల లాటిను పదమునుండి దానిని కల్పించెను. అతడు మలబారులో ఆ రాతిని ఇటుకలుగ కోయుచుండుట చూచెను. బీదరుపనివారు అదే జాతి రాతిపై నిలిచి, దాని మట్టితో లోహమునకు చర్మమునే కల్పించిరి.

బిద్రీనమూనాలలో చేపపొలుసులను తలపించు 'మాహీపుష్త్' అనునదొకటి కలదు. పొలుసులు వస్తువునిండ ఎడతెగక పఱచుకొని, చేప ఎక్కడను కనబడదు. పోలికనుండి బయలుదేరి పోలికను విడిచిన దృష్టాంతము ఇంతకన్న స్పష్టమైనది కోరనక్కఱలేదు.

ఉక్కురేఖయు, బిద్రీనలుపును శిల్పములేనా అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే. కత్తి శిల్పము కాదు. హుక్కాబుడ్డి శిల్పము కాదు. వీనిని చేసినవారు నైరూప్యశిల్పమను భావనతో చేయలేదు. వారిని నేటి శిల్పులకు పితామహులుగ చేసి గర్వించుట చరిత్ర అనిపించుకొనదు. నేను చెప్పునది ఇంతమాత్రమే: లోహమునందు వెలికివచ్చిన పోలికలేని రూపమును గుర్తించు కన్ను, దానికి వెలకట్టు వర్తకము, దానిని రాబట్టు హస్తకౌశలము ఇచట శతాబ్దుల తరబడి ఉండెను. ఆ కన్ను నైరూప్యశిల్పమను భావనతో కలిసిన ఘట్టము మాత్రము ఇరువదవ శతాబ్దిలోనే వచ్చినది. వచ్చినచోటు పారిస్ నగరము, వచ్చినవాడు తెలుగువాడు.

కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు మండలములోని నందనూరున జన్మించెను. మదనపల్లె చెంత ఋషివ్యాలీలో చదివి, జిడ్డు కృష్ణమూర్తి ప్రభావమును పొందెను. ఆ లోయచుట్టు ఉన్న గుట్టలు పటాన్‌చెరు గుట్టలకు సోదరులే. దక్కను గ్రానైటు ఆ దాక పఱచుకొన్నది. 1940ల దశకమున శాంతినికేతనమున నందలాల్ బోసు, రామ్‌కింకర్ బైజ్ కడ శిక్షణము పొంది, మద్రాసున కళాక్షేత్రమున కొంతకాలము చిత్రకళావిభాగమును నడపి, 1949లో లండను స్లేడ్ విద్యాలయమునకు పోయెను. అచట హెన్రీ మూర్ సాన్నిహిత్యము లభించినది. 1951లో పారిస్ చేరి జాద్కిన్ కడ, కొన్నియేండ్లకు మిలాను నగరమున మారినో మారిని కడ శిల్పము నేర్చెను. ఇట్లు శిల్పియైన వాడు పారిస్‌లో విలియం హేటర్ నడపుచున్న 'ఆత్లియే 17' అను ముద్రణశాలలో అడుగుపెట్టి, ఆజన్మాంతము లోహఫలకమును విడువలేదు. అటు తరువాత ఆ శాలకు సహసంచాలకుడైనాడు. 1972లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినది. 1976 నుండి న్యూయార్కులో స్థిరపడి, అచటి విశ్వవిద్యాలయమున బోధించి, 2018 ఆగస్టు 22న అచటనే మరణించెను.

ఆయనను లోకము ముద్రణచిత్రకారుడని చెప్పును. తాను మాత్రము ఫలకమును శిల్పముగనే భావించెను. ఆయన చేసిన పనిని చూచినచో అది మాటవరుసకు అనుకొన్నది కాదని తెలియును. మామూలు చెక్కడపు ముద్రణలో ఫలకముపై గీతలు మాత్రముండును; సిరా ఆ గీతలలో నిలిచి కాగితమునకు ఎక్కును. కృష్ణారెడ్డి యశదఫలకమును ఆమ్లమున ముంచి, తీసి, కొంతభాగమును కప్పి మరల ముంచి, ఇట్లు పలుమాఱులు కొఱికించెను. పిదప ఉలితోను, గీకుడు పనిముట్లతోను చెక్కెను. తుదకు ఫలకము మెట్టలు, వాలులు, లోయలు గల చిన్నభూభాగమగును. దానిపై గట్టి రోలరు త్రిప్పినచో మెట్టలకే సిరా అంటును. మెత్తని రోలరు లోయలలోనికి దిగును. అవిసెనూనె ఎక్కువగ కలిపి పలుచన చేసిన సిరా ముందు అంటినచోట చిక్కనిసిరా తరువాత అంటదు. ఈ ధర్మమునాధారముగ చేసికొని ఒకే ఫలకమునుండి ఒకే ఒత్తిడితో అనేకవర్ణములు కాగితమునకు ఎక్కించు పద్ధతిని ఆయనయు, కైకో మోతీ అను మఱొక భారతీయుడును ఆ శాలలో 1950ల దశకమున సాధించిరి. రంగును చిత్రకారుడు కుంచెతో పెట్టుట లేదు. ఎత్తుపల్లములే రంగును నిర్ణయించుచున్నవి, భూపటమున ఎత్తునుబట్టి వర్ణము మాఱినట్లు.

1963లో చేసిన 'సుడిగుండము', 'అల' అను ఫలకముల ముద్రణములు ఈ పద్ధతికి పరాకాష్ఠలు. ఈయన శిలను చిత్రింపలేదు గదా, నీటిని, మొలకను, అలను గదా చేసినది, వానికి శిలారూపముతో ఏమి పని అని ప్రశ్నింపవచ్చును. సమాధానము పైన గ్రానైటును గూర్చి చెప్పినచోటనే ఉన్నది. శిలను గుండుగ తీర్చినది నీరే. బీటవెంట దిగి, మెత్తనిదానిని కరగించి, గట్టిదానిని విడిచిపోవుట నీటిపని. ఫలకముపై ఆమ్లము చేయునదియు సరిగ్గ ఇదియే. మూర్ గులకరాతి రూపమును తీసికొనెను. అతని సాన్నిహిత్యమున మెలగిన కృష్ణారెడ్డి గులకరాతి పుట్టుకను తీసికొనెను. అందువలననే ఆయన ఫలకములలో అలయని పేరున్నను అలకు పోలిక స్వల్పము, అరుగుదల స్పష్టము. విడ్మన్‌స్టాటన్ ఉల్కాలోహమును అచ్చొత్తిన నాడు శాస్త్రమునకు తోచినది, ఈయన చేతిలో కళ అయినది. యశదమునకు ఆమ్లము చూపి రూపము రాబట్టిన ఈ చిత్తూరువానికిని, యశదమునకు మట్టి రుద్ది నలుపు రాబట్టిన బీదరువారికిని నడుమ పరంపర ఏదియు లేదు. లోహమొక్కటే, దానిని నమ్ముకొన్న తీరును ఒక్కటే.

ఫలకము ముద్రణకు సాధనమే గాని ప్రదర్శనకు ఉద్దేశింపబడలేదు గావున దానిని శిల్పమనరాదని కొందఱందురు. విగ్రహమునకు అచ్చు సాధనమైనట్లు ఫలకము ముద్రణకు సాధనమని వారి వాదము. అచ్చునందు శిల్పి చేయి పనిచేయదు, దాని ముందరి మైనపుబొమ్మయందు పనిచేయును. ఇచట చేయి పనిచేసినది ఫలకముననే. 1964లో మాంట్రియల్ కొండపై జరిగిన అంతర్జాతీయ శిల్పసమ్మేళనమున ఈయన రాతియందు పనిచేసిన వాడనియు మఱువరాదు.

మన రాజధానిలో ఇటీవల లేచిన లోహశిల్పములను ఈ దృష్టితో పరీక్షింపవచ్చును. హుస్సేన్‌సాగరపు గట్టున 2023లో ఆవిష్కరింపబడిన తెలంగాణ అమరవీరుల స్మారకము దీపపుప్రమిద ఆకారమున, తుప్పుపట్టని ఉక్కుతో, అతుకు కనబడని నునుపుతో నిర్మింపబడినది. అతుకు మఱుగుపఱచుటయే దాని నేర్పు. ఆ సాగరపు నడుమనే 1992లో నిలిపిన ఏకశిలాబుద్ధుడు తన గ్రానైటురేణువులను దాచుకొనలేదు. స్మారకమునకు నునుపు తగినదే కావచ్చును. దీపమునకు బీటలు పనికిరావు. ఐనను బీటయే రూపమునకు మూలమైన ఈ నేలపై, బీటను చూపు లోహశిల్పము ఒక్కటియైన బహిరంగస్థలమున లేకపోవుట గమనింపదగిన విషయము.

ఇక పరిశోధకులు చేయదగిన పనిని గూర్చి. హైదరాబాదు పరిసరములలోని శిలలను కాపాడుటకై 1996లో ఒక సంఘము ఏర్పడి, కొన్ని శిలాస్థానములకు వారసత్వరక్షణ లభించునట్లు చేసినది. పారిశ్రామికవాడల కొఱకు, రహదారుల కొఱకు, కంకరకొఱకు పగులగొట్టబడిన గుండ్లకు మాత్రము లెక్కలేదు. 250 కోట్ల ఏండ్ల వస్తువును ఒక్కపూటలో కంకర చేయవచ్చును, అది జరుగుచునేయున్నది. ఉత్తరతెలంగాణమున పాత ఇనుపకొలుముల జాడలను 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును ఊరూర తిరిగి నమోదుచేసిరి. చిట్టెపుదిబ్బలను రోడ్డుకు మెరకగ వాడుకొన్న ఊళ్లు కలవు.

తెలుగుశాఖలకు సంబంధించినది వేఱొకటి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము మొదటిసంపుటము వెలువడినది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చినది. అదే పద్ధతిని పటాన్‌చెరు పోతశాలలకు వర్తింపజేయవలెను. కమ్మరి నోట నిలిచిన మూస, తిత్తి, దాగలి, చిట్టెము ఒకవైపు, మౌల్డింగు, కోరు, రైజరు, స్లాగు ఒకవైపు. హిందీ, ఒరియా, తెలుగు మాటలాడు పనివారు వీనిని ఎట్లు కలిపి వాడుచున్నారో, పోత చల్లారునపుడు పైన ఏర్పడు ముడుతకు, లోపల ఏర్పడు గుల్లకు, బీటకు ఏ పేర్లు పెట్టిరో వ్రాసికొనవలెను. కర్మాగారమున ఆ ముడుతయు, ఆ బీటయు లోపములు. వానిని కలిగిన పోతను తూకమునకు వేసి మరల కొలిమిలో పడవేయుదురు. పడవేయుటకు ముందు అవి ఎట్లుండునో చూచి, పేర్లు అడిగి, ప్రక్కనే ఉన్న గుట్టమీది బండపై వడ్డెరవాడు అట్టి ముడుతకే ఏమి పేరు పెట్టెనో పోల్చిచూచు విద్యార్థి ఒక్కడు దొరకినచో, ఈ వ్యాసమున పోలికతో తడవిన కొన్ని విషయములు పదములతో ఋజువగుటకు వీలగును.